మే నెలలో ఆస్ట్రేలియా వస్తే ముందు ఎడారికి పదండి

అందరికీ నమస్కారమండి. ఈ హాల్లో సగం మంది పిల్లల్ని చూడ్డానికి మెల్బోర్న్ వచ్చిన పెద్దవాళ్ళు, మిగతా సగం ఆ పిల్లలు, కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడతాను.

మనవాళ్ళు వచ్చేది ఎప్పుడండీ, స్కూళ్ళకి సెలవులిచ్చాక, మే జూన్‌లలో. అక్కడ ఎండలు మాడ్చేస్తుంటే ఇక్కడ బీరువాల్లోంచి స్వెట్టర్లు తీసే టైం. పాపం వాళ్ళని ఆ చలిలో ట్రామ్ ఎక్కించి, ఓసారి సిడ్నీ తీసుకెళ్ళి ఒపెరా హౌస్ ముందు ఫోటో తీసి, మిగతా రోజులన్నీ హీటర్ పక్కన మనవడితో కూర్చోబెడతారు. నవ్వుతున్నారంటే నిజమేగా! ఈ దేశం ఇండియాకి రెండింతల కంటే పెద్దది, ఇక్కడ చలిగా ఉంటే ఉత్తరాన హాయిగా ఉంటుంది, అది మర్చిపోతాం మనం.

దేశం మధ్యలో ఎడారిలో ఉన్న పెద్ద ఎర్ర రాయి, ఉలూరు సంగతే చూడండి. ఎండాకాలంలో, అంటే డిసెంబర్ జనవరిలో, 40 డిగ్రీలు దాటిపోతుంది, ఈగలు మొహం మీదే కాపురం పెడతాయి. అదే మే జూన్‌లో అయితే పగలు చక్కగా 20ల్లో ఉంటుంది, రాత్రి మాత్రం గజగజే, మంకీ క్యాప్ తెచ్చుకోండి. 348 మీటర్ల ఎత్తు రాయి, చుట్టూ తిరిగితే ఓ 10 కిలోమీటర్లు, నేలంతా చదునే కాబట్టి పొద్దున్నే మొదలెడితే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా ఓపికున్నంత దూరం నడవచ్చు. రాయిలో ఇనుముంది, అది తుప్పు పట్టి ఆ ఎరుపు వచ్చింది, సూర్యాస్తమయం అప్పుడు ఆ రంగు నిమిషం నిమిషానికీ మారుతుంటే మా నాన్నగారు ఫోన్ జేబులో పెట్టేసుకుని అలా చూస్తూ ఉండిపోయారు. పైకి ఎక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి బంద్. ఆ నేల అనంగు అనే ఆదివాసీ జనాలది, 1985లో వాళ్ళకి తిరిగి ఇచ్చారు, వాళ్ళకి పవిత్రమైన చోటు అది. మన గుడి గోపురం ఎవరైనా ఎక్కి సెల్ఫీ దిగుతానంటే ఊరుకుంటామా? కొన్ని చోట్ల ఫోటోలు తీయొద్దని బోర్డులుంటాయి, దయచేసి తీయకండి. పక్కనే కటా జుటా ఉంది, 36 గుండ్రటి గుట్టలు, నన్నడిగితే ఉలూరు కంటే అదే బాగుంటుంది గానీ ఈ మాట ఎవరూ ఒప్పుకోరు.

తర్వాత ఈశాన్య తీరంలో ఉన్న కెయిర్న్స్ ఊరు. అక్కడి సముద్రంలో ఉన్న పగడాల దిబ్బలు, గ్రేట్ బ్యారియర్ రీఫ్, 2300 కిలోమీటర్ల పొడవు, ఈత రాకపోయినా అద్దం అడుగున్న పడవలోంచి పగడాలు చూడొచ్చు. నవంబర్ నుంచి మే దాకా ఒళ్ళు మంటెత్తించే జెల్లీఫిష్‌ల సీజన్, నీళ్ళలో దిగాలంటే వాళ్ళిచ్చే సూట్ వేసుకోవాల్సిందే, అందుకే జూన్ మంచిది. సముద్రం వేడెక్కి 2016 నుంచి చాలాసార్లు పగడాలు తెల్లబడి దెబ్బతిన్నాయి, కాబట్టి వాయిదా వేయకండి.

ఇక మన ఇంటి దగ్గరున్న గ్రేట్ ఓషన్ రోడ్. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు తవ్విన రోడ్డిది, 1932కి పూర్తయింది. ఆ దారిలో సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు, ట్వెల్వ్ అపోసిల్స్‌లో ఒక స్తంభం 2005లో కూలిపోయింది, పేరుకే పన్నెండు. ఆ పక్కనే లండన్ బ్రిడ్జ్ అనే రాతి వంతెన 1990లో విరిగి ఇద్దరు టూరిస్టులు అవతల ఇరుక్కుపోతే హెలికాప్టర్‌లో దించారు! ఒక్కరోజులో వెళ్ళొచ్చేద్దాం అనుకుంటారు, ఆ మలుపులకి పెద్దవాళ్ళకి వాంతులే మిగులుతాయి, దారిలో అపోలో బే అనే ఊళ్ళో ఒక రాత్రి ఆగండి. సాయంత్రం డ్రైవింగ్ వద్దు, కంగారూలు రోడ్డు మీదకి దూకేస్తాయి.

బ్లూ మౌంటెన్స్ సిడ్నీ నుంచి రైల్లో రెండు గంటలు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు, అంతకంటే చెప్పేదేం లేదు. మెల్బోర్న్ దగ్గర్లోని ఫిలిప్ ఐలాండ్‌లో జానాబెత్తెడు పెంగ్విన్లు చీకటి పడగానే సముద్రంలోంచి గుంపులుగా వస్తాయి, కెమెరాలు వాడనివ్వరు, దుప్పటి తీసుకెళ్ళండి.

సరే, ప్రశ్నలుంటే అడగండి, వీసా గురించి మాత్రం నన్ను అడక్కండి.