శ్రీలంక గొలుసు చెరువులు: అలుగు ఎత్తితే ఏమవుతుంది?

శ్రావణి: నమస్కారం అండీ. ఈసారి శ్రీలంక. బీచ్‌లు, టీ తోటల గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు, మనం అనురాధపురం వైపు పోదాం, చెరువుల కోసం. మాధవ్ గారూ, ముందు నాకో అనుమానం. చుట్టూ సముద్రం, ఏడాదికి రెండు రుతుపవనాలు. అలాంటి దీవికి వేల చెరువులు ఎందుకు కావాల్సొచ్చింది?

మాధవ్: వాన అంతటా ఒక్కలా పడదు కాబట్టి. మే నుంచి సెప్టెంబరు దాకా వచ్చే నైరుతి వానంతా కొలంబో, రత్నపుర, కొండల పడమటి వాలు మీదే కుమ్మరిస్తుంది. అక్కడ 2,500 మిల్లీమీటర్లు దాటుతుంది. మధ్యలో కొండలున్నాయి కదా, పిదురుతలాగల శిఖరమే 2,524 మీటర్లు. ఆ కొండలు దాటి ఉత్తరానికి, తూర్పుకి వచ్చేసరికి గాలిలో తడి మిగలదు. ఆ నెలల్లో అక్కడ ఎండగాలి కొడుతుంది. దాన్ని కచ్చాన్ అంటారు. దేశంలో మూడింట రెండొంతుల దాకా ఈ పొడి మండలమే. వాన 1,750 మిల్లీమీటర్ల లోపు.

శ్రావణి: 1,750 అంటే మన లెక్కలో తక్కువేం కాదండీ. హైదరాబాదుకి 800 పడితే మంచి ఏడాది.

మాధవ్: తిరకాసు ఎంత పడింది అన్నదాంట్లో లేదు, ఎప్పుడు పడింది అన్నదాంట్లో ఉంది. పడేదంతా చాలావరకు అక్టోబరు, జనవరి మధ్య పడిపోతుంది. అదే వాళ్ళ పెద్ద పంట, మహ. ఏప్రిల్ చుట్టుపక్కల నాలుగు జల్లులు, వాటి మీద చిన్న పంట, యల. మిగతా నెలలు ఆకాశం వైపు చూడ్డమే. పైగా భూమి కింద గట్టి రాయి, మన తెలంగాణలో ఉన్నట్టే. నీళ్ళు లోతుకి దిగి నిలిచే పొరలు లేవు. పైన ఆపుకుంటేనే ఉన్నట్టు.

శ్రావణి: పైన ఆపడం అనగానే అందరికీ రాజుల చెరువులు గుర్తొస్తాయి. కాల వెవ, మిన్నేరియ, పరాక్రమ సముద్రం. వెవ అంటే సింహళంలో చెరువు, వినేవాళ్ళ కోసం చెప్తున్నా.

మాధవ్: అవి గొప్పవే, కాదనను. మిన్నేరియ మహాసేనుడిది, 3వ శతాబ్దం చివరిది. కాల వెవ ధాతుసేనుడిది, 5వ శతాబ్దం. పరాక్రమ సముద్రం 12వ శతాబ్దం, మొదటి పరాక్రమబాహుడు. ఆకాశం నుంచి పడ్డ చుక్క మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదన్న మాట ఆయన పేరు మీదే చూళవంసంలో ఉంది. అయితే నన్నడిగితే కాల వెవ కన్నా దాని కాలువ గొప్పది. యోధ ఎల అంటారు, జయగంగ అని కూడా. 87 కిలోమీటర్లు నడిచి అనురాధపురంలో తిస్స వెవలో పడుతుంది. మొదటి 17 మైళ్ళలో దాని వాలు మైలుకి 6 అంగుళాలు.

శ్రావణి: అంటే 27 కిలోమీటర్లకి...

మాధవ్: మొత్తం దిగింది 2.6 మీటర్లు. ఒక గది ఎత్తు కూడా లేదు. ఇంకో సంగతి, ఆ కాలువకి పల్లం వైపు మాత్రమే కట్ట ఉండేది. మెరక వైపు వదిలేశారు. దాంతో పై నేల మీద పడిన వాన దారిలోనే కాలువలో కలిసేది. చోటు దొరికిన దగ్గర నీళ్ళు పక్కకి పరుచుకుని, వేగం తగ్గి, మట్టిని అక్కడే దించేవి. రెండు వైపులా కట్టేసి, నిటారుగా తవ్వితే నీళ్ళు తొందరగా పోతాయి గానీ ఈ రెండు లాభాలూ పోతాయి.

శ్రావణి: ఇంత పెద్ద చెరువు తూములోంచి నీళ్ళు వదలడం మాటలు కాదు కదా. లోతెక్కువైతే ఒత్తిడి.

మాధవ్: లెక్క చూడండి. 10 మీటర్ల నీటి అడుగున రంధ్రం పెడితే, రాపిడి తీసేసి చెప్తే, నీళ్ళు సెకనుకి 14 మీటర్ల వేగంతో దూకుతాయి. గంటకి 50 కిలోమీటర్లు! ఆ వేగం కట్ట కింద ఉన్న రాతి గొట్టంలోకి నేరుగా పోతే అతుకులు ఊడతాయి. అతుకు ఊడిన చోట నీళ్ళు కట్ట మట్టిని రేణువు రేణువుగా లాక్కుపోతాయి. పైకి ఏమీ తెలీదు. బుంగ పడ్డాకే తెలుస్తుంది. అందుకే బిసోకొటువ.

శ్రావణి: మాటకి మాట అర్థం రాణిగారి కోట అంటారు. నిజానికి బావిలా ఉంటుంది కదా?

మాధవ్: చతురస్రపు బావి. కట్టకి నీటి వైపు, లోపలి వాలులో దింపుతారు. చెక్కిన రాతి పలకలు లోపల, ఇటుక పని వెనక, దాని చుట్టూ మెత్తిన బంకమట్టి. చెరువులోంచి వచ్చే గొట్టం ఈ బావిలో తెరుచుకుంటుంది. నీళ్ళు ఇరుకులోంచి ఒక్కసారి వెడల్పులోకి వచ్చి ఎదుటి గోడకి కొట్టుకుని సుడి తిరుగుతాయి, జోరు అక్కడే చస్తుంది. ఆ తర్వాత రెండో గొట్టంలోంచి కట్ట కిందుగా కాలువలోకి. ఎంత వదలాలో కూడా ఈ బావి దగ్గరే అదుపు. 19వ శతాబ్దంలో అక్కడ పనిచేసిన హెన్రీ పార్కర్ అనే నీటిపారుదల ఇంజనీరు వీటిని కొలిచి, యూరప్‌లో తర్వాతెప్పుడో వచ్చిన వాల్వు బావుల పనే ఇవి చేశాయని రాశాడు.

శ్రావణి: మరి తూము పక్కన కట్ట తెగిన సందర్భాలు?

మాధవ్: కంతలే చెరువు గుర్తుపెట్టుకోవాలి. 1986 ఏప్రిల్ 20, తెల్లవారుజామున. వానాకాలం కాదు, వరద లేదు. కట్టలోపల ఊట మట్టిని తినేసింది. వంద మందికి పైగా పోయారు. మట్టికట్టలో ఏ గట్టి నిర్మాణం పెట్టినా, తూము కావచ్చు, పంపు గది కావచ్చు, మట్టికీ దానికీ మధ్య సందే ప్రమాదం. కట్ట అవతలి పాదం దగ్గర ఊట కనిపిస్తే ముందు దాని రంగు చూడాలి. తేటగా వస్తే గమనిస్తూ ఉండొచ్చు. మసగ్గా వచ్చిందా, లోపలి మట్టి బయటికొస్తోందన్నమాట.

శ్రావణి: సరే, రాజుల సంగతి అయింది. మీరు అసలు మాట్లాడాలన్నది ఊరి చెరువుల గురించి.

మాధవ్: అవును. ఆయకట్టు 80 హెక్టార్ల లోపున్నవి అక్కడ చిన్న చెరువుల కింద లెక్క. 10 వేలకి పైగా ఇప్పటికీ పారుతున్నాయి. ఇవి ఒంటరిగా ఉండవు. ఒక చిన్న లోయలో పై నుంచి కిందికి వరసగా ఉంటాయి. పై చెరువు నీళ్ళు దాని పొలం తడిపి, మిగిలింది కింది చెరువులోకి దిగుతుంది. ఆ వరసని ఎల్లంగావ అంటారు.

శ్రావణి: మన గొలుసుకట్టు చెరువులే!

మాధవ్: అచ్చం అవే. కాకతీయుల కాలం నుంచి మనకి తెలిసిన పద్ధతే. తేడా ఎక్కడంటే, వాళ్ళు చెరువుకీ చెరువుకీ మధ్య ఉన్న ప్రతి జాగాకీ పేరు పెట్టి పని అప్పజెప్పారు. 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ దీన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వ వ్యవస్థల్లో చేర్చింది కూడా అందుకే.

శ్రావణి: ఒక వాన చుక్క వెంట నడుద్దామా, పై నుంచి?

మాధవ్: రండి. చుక్క మెరక నేల మీద పడి మట్టిని మోసుకొస్తుంది. ముందు చిన్న మట్టి గట్టు అడ్డొస్తుంది, ఇస్వేటియ. చెరువుకి రెండు పక్కల నుంచీ వచ్చే మట్టిని పక్కకి తిప్పేస్తుంది. తర్వాత గొడవల.

శ్రావణి: గొడవేమిటండీ?

మాధవ్: (నవ్వు) గొడవ కాదు, గుంట. బరువైన మట్టి అక్కడ దిగుతుంది. అడవి జంతువులు అక్కడే నీళ్ళు తాగి, ఊళ్ళోకి రావు. ఆ తర్వాత గస్గొమ్మన, నీళ్ళకి ఎగువన చెట్ల పట్టీ. మద్ది ఉంటుంది, దాన్ని కుంబుక్ అంటారు. ఇప్ప ఉంటుంది, మీ అంటారు. వేళ్ళు నీళ్ళలో ఉన్నా బతికే జాతులే ఎక్కువ. ఇవి గాలిని ఆపుతాయి. కచ్చాన్ రోజుల్లో ఆవిరైపోయేది రోజుకి 5 మిల్లీమీటర్లు అనుకున్నా వంద రోజులకి అర మీటరు. ఊరి చెరువు లోతే రెండు మూడు మీటర్లయితే అర మీటరంటే ఎంతో ఆలోచించండి. చెట్లకీ నీళ్ళకీ మధ్య గడ్డి పట్టీ, పెరహన. సన్నటి ఒండ్రుని అది పట్టేస్తుంది.

శ్రావణి: అంటే చెరువులోకి దిగకముందే నాలుగు జల్లెడలు.

మాధవ్: అయిదు కూడా. కొన్ని చోట్ల పైన కులు వెవ అని చిన్న చెరువు ఉంటుంది. దాన్నుంచి పొలానికి చుక్క వదలరు. మట్టి పట్టడానికే అది. ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. ఆయకట్టు లేని చెరువు దండగ అనుకుని తూము పెట్టి, దాని కింద పొలం చేస్తే, పూడికంతా కింది పెద్ద చెరువులోకి దిగుతుంది.

శ్రావణి: కట్ట దాటాక?

మాధవ్: కట్ట లోపలి వాలుకి అలలు కొట్టకుండా రాతిపరుపు, రలపనావ. కట్ట దాటగానే, పొలం మొదలవకముందు, కట్టకడువ అని చిత్తడి నేల. పేరు మన కట్టలా వినిపిస్తుంది గానీ అది కట్ట కాదు, కట్ట కింది తోపు. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఇదే. కట్ట కిందుగా ఊరే నీళ్ళలో ఉప్పు ఉంటుంది, ఇనుము ఉంటుంది, తుప్పురంగు తెట్టె కనిపిస్తుంది. అది నేరుగా పొలంలోకి పోతే మొదటి మడులే చౌడు పడతాయి. కట్టకడువలో మొగలి పొదలు, నీటి మొక్కలు దాన్ని పీల్చుకుంటాయి. మధ్యలో గుంట ఉంటుంది, యతురువల, ఊట అక్కడ చేరుతుంది. చివర పొలం అడుగున కియుల్ ఎల, ఉప్పునీళ్ళ కాలువ, మిగిలిన ఉప్పుని కిందికి దాటిస్తుంది.

శ్రావణి: అది చూడ్డానికి ఖాళీ జాగాలా ఉంటుంది కదా. కట్ట పక్కనే, తడి నేల...

మాధవ్: అందుకే ముందు కబ్జా అయ్యేది అదే. పొదలు కొట్టి రెండు మడులు కలిపేస్తారు. మొదటి రెండు పంటలు బ్రహ్మాండంగా వస్తాయి. తర్వాత చౌడు.

శ్రావణి: నీళ్ళు చాలని ఏడాది ఏం చేస్తారు?

మాధవ్: బెత్మ. పంటకి ముందు రైతులంతా కూర్చుంటారు. ఆయకట్టు 40 ఎకరాలు, రైతులు 20 మంది, తలా 2 ఎకరాలు అనుకోండి. నీళ్ళు 10 ఎకరాలకే ఉన్నాయి. అప్పుడు కట్టకి దగ్గరున్న 10 ఎకరాలు మాత్రమే ఎంచి, అవి ఎవరివైనా సరే, ఆ ఒక్క పంటకి అందరికీ తలా అర ఎకరం. భూమి ఎక్కువున్నవాళ్ళకి ఆ దామాషాలో ఎక్కువ. కాలువ పొడవు తగ్గింది కాబట్టి దారిలో ఇంకిపోయేదీ తగ్గింది. చివరి పొలం వాడికీ తిండిగింజలు.

శ్రావణి: దగ్గర పొలం ఉన్న ఆసామి ఒప్పుకుంటాడా?

మాధవ్: ఒప్పించడానికి ఒక మనిషి ఉండేవాడు, వెల్ విదానె. మన ఊళ్ళలో చెరువు నీళ్ళు వదిలే నీరటి కన్నా అధికారం ఎక్కువ. నీళ్ళ వంతులూ ఆయనే, కట్ట పనికి రానివాడిని నిలదీసేదీ ఆయనే. బ్రిటిష్‌వాళ్ళు 1832లో రాజకారియ, అంటే రాజుకి చేయాల్సిన వెట్టి, రద్దు చేశారు. వెట్టి పోవడం మంచిదే. కానీ చెరువు పని కూడా దాంట్లో భాగమే. దాని బదులు ఏదీ పెట్టలేదు, కట్టలు తెగాయి. 1856లో మళ్ళీ పాత ఆచారాలకి చట్టం బలం ఇవ్వాల్సొచ్చింది. 1958 చట్టంతో వెల్ విదానె పదవి పోయి కమిటీలు వచ్చాయి.

శ్రావణి: ఇప్పుడు చెరువు బాగుచేస్తామని వచ్చినవాళ్ళు చేసే తప్పులు చెప్పండి. మనకీ పనికొస్తాయి, 2015లో తెలంగాణ చెరువుల బాగు కోసం మొదలైన మిషన్ కాకతీయ చూసినవాళ్ళం.

మాధవ్: మొదటిది అలుగు, అంటే చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే గట్టు, ఎత్తడం. అడుగు ఎత్తు పెంచితే నీళ్ళు పెరుగుతాయి, నిజమే. ఎటు పెరుగుతాయి? నేల వాలు వంద మీటర్లకి అర మీటరు ఉందనుకుంటే, అడుగు ఎత్తు అంటే 60 మీటర్లు వెనక్కి. ముందు గడ్డి పట్టీ మునుగుతుంది, తర్వాత చెట్లు. ఇంకా పైకి పోతే ఎగువ చెరువు ఆయకట్టులో మురుగు దిగదు. కట్ట ఎత్తు మాత్రం పాతదే, కాబట్టి వరదొస్తే నీళ్ళు కట్ట మీది నుంచి పొర్లుతాయి. గొలుసులో పై కట్ట తెగిందంటే కిందివి ఒకదాని మీద ఒకటి. అందుకే ఒక్క చెరువుకి ఎస్టిమేటు వేయకూడదు, వరస మొత్తానికి వేయాలి.

శ్రావణి: రెండోది పూడిక అనుకుంటా.

మాధవ్: తీయాలి, కానీ ఎక్కడ తీయాలి? జేసీబీకి వీలుగా ఉంటుందని కట్ట పక్కనే తవ్వుతారు. తూము గడప కన్నా కిందికి తవ్విన నీళ్ళు పొలానికి ఎక్కవు. పశువులకి, చేపలకి సరే, ఆయకట్టుకి సున్నా. పైగా ఏళ్ళ తరబడి అడుగున కూర్చున్న బంకమట్టి పొరని చీల్చితే నీళ్ళు కిందికి జారిపోతాయి, కట్ట పాదం వదులవుతుంది. కట్టకి దూరంగా, పైతట్టు వైపు, పలచగా తీయాలి. తీసిన మట్టిని మన రైతుల్లా పొలాలకి తోలుకోవాలి. చెట్ల పట్టీలో కుప్ప పోస్తే మొదటి వానకే మళ్ళీ చెరువులో ఉంటుంది.

శ్రావణి: ఇవన్నీ కళ్ళతో చూడాలంటే ఎప్పుడు వెళ్ళాలి?

మాధవ్: అలుగు పారడం చూడాలంటే డిసెంబరు, జనవరి. చెరువు నిర్మాణం చూడాలంటే సెప్టెంబరు. నీళ్ళు అడుక్కి పోయి రాతిపరుపు, తూము బావి బయటపడతాయి. ఒక ఊరి చెరువు కట్టెక్కి, నీళ్ళ వైపు కాకుండా పొలం వైపు తిరగండి. మొగలి పొదలు కనిపిస్తే ఆ ఊళ్ళో కట్టకడువ ఇంకా మిగిలి ఉందన్నమాట.