కరెంటు తీగ లేని లకుముకి ఫోటోను నేను నమ్మను!

నమస్కారం. వారం రోజులుగా అందరూ నాకు పంపుతున్నది ఆ ఫోటోనే. అద్దంలాంటి నీటి మీద ముక్కు ఆనించిన లకుముకి పిట్ట, వెనక పచ్చటి తెర, ఎక్కడా ఒక్క నలక లేదు. నిజంగా తీసినదా, చేపల తొట్టి పెట్టి పిట్టను రప్పించి తీసినదా అని మీలో మీరు కొట్టుకుంటున్నారు. నా మాట ఒక్కటే. తీగ లేని లకుముకి ఫోటోను నేను నమ్మను!

నవ్వండి, ఫరవాలేదు. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది గోధుమరంగు తల, తెల్ల గొంతు, ఎర్ర ముక్కు ఉన్న లకుముకి. చేప దొరికితే తింటుంది, దొరకకపోతే మిడతలు, తొండలు, పీతలు. అందుకే చెరువుకు దూరంగా, పొలం గట్టున కరెంటు తీగ మీద కూర్చుని కిందికే చూస్తుంటుంది. మరి మనవాళ్ల ఫోటోల్లో ఆ తీగ ఏమైపోయింది? నాచు పట్టిన కొమ్మ తెచ్చి ఒడ్డున పాతుతారు. దాని కింద తొట్టి, తొట్టిలో ప్రాణమున్న చేపపిల్లలు. పిట్ట సరిగ్గా అక్కడే దూకుతుంది, కెమెరా ముందే గురిపెట్టి ఉంటుంది. ఇది అడవి ఫోటోనా? పెళ్లి భోజనాల ఫోటో!

స్కాట్లాండ్‌లో అలాన్ మెక్‌ఫేడియన్ అనే ఆయనకు, పిట్ట నిలువునా నీటిలోకి దూకే ఒక్క ఫోటో కోసం ఆరేళ్లు పట్టింది. 4,200 గంటలు, 7,20,000 సార్లు మీట నొక్కారు. మీరు పంపిన ఫోటో తీసిన మనవాడికి ఆదివారం టిఫిన్ వేళకే దొరికిందట!

ఇంకో సంగతి. ఆ పిట్ట ఈకల్లో నీలి రంగు పదార్థమే లేదు. ఈకలోని సూక్ష్మమైన అల్లిక వెలుగును చెదరగొట్టి మనకు నీలంగా చూపిస్తుంది. ఒంటి నిండా ఇంత మాయ పెట్టుకున్న పిట్టకు మీ మాయ కూడా ఎందుకండీ?

హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ చెరువు దగ్గర కనిపించే నలుపు తెలుపు లకుముకి గాలిలోనే రెక్కలాడిస్తూ నిలబడి, అక్కడి నుంచే దూకుతుంది. దానికి కొమ్మా వద్దు, తీగా వద్దు. సరే, దానికొక్కదానికి మినహాయింపు ఇస్తున్నాను.

మిగిలినవాళ్లు కొమ్మలు నరకడం మానేసి స్తంభాల కింద తెల్లటి రెట్ట చారలు వెతకండి. పకపకా నవ్వినట్టు కూత వినపడితే కదలకండి.

ఇదిగో, నిన్న పొద్దున నేను తీసింది. తీగ మీద పిట్ట, ముక్కులో తొండ, వెనక స్తంభానికి ట్యూషన్ ప్రకటన. దీనిని తొట్టిలో తీశానని ఎవరైనా అనగలిగితే కింద రాయండి, చూస్తాను!