మూడు విజిల్స్ అంటే ఎన్ని నిమిషాలు?

కిరణ్: రికార్డింగ్ మొదలైంది అక్కా. ఇవాళ పదార్థం, దాని స్థితులు, ఉష్ణం. ఈసారైనా టాపిక్ మీద నిలబడదాం.

లలిత: నేను నిలబడతాను. నువ్వు పాత ఎపిసోడ్ల సంగతులు ఎత్తకపోతే చాలు.

కిరణ్: ఎత్తను. ఇడ్లీ పాత్రలో పై రేకు సంగతీ ఎత్తను.

లలిత: అది మాత్రం నేనే ఎత్తుతాను, ఆవిరి గురించి కదా మాట్లాడేది. సరే, మూడు స్థితులూ గబగబా కానిచ్చేద్దాం. ఘనంలో అణువులు ఉన్నచోటే ఉండి వణుకుతుంటాయి, ద్రవంలో ఒకదాన్నొకటి రాసుకుంటూ జారుతుంటాయి, వాయువులో దేని దారి దానిది. పరీక్షకి ఈమాత్రం చాలు. అసలు సరుకు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే చోట ఉంది. వేడి ఇస్తూనే ఉంటాం, థర్మామీటరు మాత్రం కదలదు. గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ 1760ల మొదట్లోనే దీన్ని కొలిచి చూపించాడు.

కిరణ్: గుప్తోష్ణం.

లలిత: అదే. గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు, గ్రాము నీరు ఆవిరి కావడానికి 540. జూళ్ళలో అయితే 334, 2,260.

కిరణ్: థర్మామీటరు కదలదు అన్నావు చూడు, అక్కడ నాకో డౌటు. నీళ్ళు మరిగాక మంట పెంచితే పప్పు తొందరగా ఉడకదా?

లలిత: ఉడకదు.

కిరణ్: అంత తేలిగ్గా కొట్టిపారేస్తే ఎలా అక్కా? మంట పెంచితే తెర్లడం ఎక్కువవుతుంది, కళ్ళకి కనపడుతోంది.

లలిత: తెర్లడం ఎక్కువవుతుంది, వేడి ఎక్కువవదు. లెక్క వేసుకో. గిన్నెలోకి సెకనుకి 1,200 జూళ్ళు చేరుతున్నాయనుకో. లీటరు నీళ్ళు 30 డిగ్రీల నుంచి 100కి రావడానికి 2 లక్షల 93 వేల జూళ్ళు, అంటే నాలుగు నిమిషాల పైచిలుకు. ఆ లీటరంతా ఆవిరైపోవడానికి 22 లక్షల 60 వేలు, అంటే ఇంకో 31 నిమిషాలు. ఆ 31 నిమిషాలూ నీళ్ళు 100 దాటవు. మంట రెట్టింపు చేస్తే పదిహేను నిమిషాల్లో గిన్నె ఎండిపోతుంది, అంతే. పప్పుకి అందే వేడి అదే 100.

కిరణ్: హైదరాబాదులో 100 కూడా రాదుగా.

లలిత: 98కి కాస్త పైన. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న ఊరు కదా.

కిరణ్: సరే, గిన్నె వదిలెయ్. కుక్కర్‌లో? మూడు విజిల్స్ రావాలి పప్పుకి. హై మీద పెడితే చకచకా వచ్చేస్తాయి, సిమ్‌లో పెడితే రావు. కాబట్టి హై మీద తొందరగా ఉడికినట్టే కదా.

లలిత: విజిల్ గడియారం కాదురా! నీకు ఎన్ని ఎపిసోడ్లు చెప్పాలి?

కిరణ్: ఇంటింటా అలాగే లెక్కపెడతారు అక్కా. అందరూ తప్పా?

లలిత: లెక్కపెట్టనీ. దేన్ని లెక్కపెడుతున్నారో తెలియాలి కదా. పైన వెయిట్ ఉంటుంది. లోపలి పీడనం బయటికన్నా దాదాపు చదరపు సెంటీమీటరుకి కిలో ఎక్కువయ్యాక అది లేస్తుంది. ఆ పీడనం దగ్గర నీళ్ళు మరిగేది 120 డిగ్రీల దగ్గర. మొదటి విజిల్ వచ్చిందంటే ఆ 120 దాకా వచ్చేసినట్టు. అక్కణ్ణించి నువ్వు ఇచ్చే అదనపు వేడంతా వెయిట్ కింద నుంచి ఆవిరిగా పోతుంది. ఇక్కడ ఇంకో మాట, ఆ తెల్లగా కనపడేది ఆవిరి కాదు...

కిరణ్: వచ్చింది నీ ఎప్పటి మాట. నాలుగు నిమిషాలు ఆగింది ఇవాళ.

లలిత: నవ్వుకో. కెటిల్ మూతి దగ్గర చూడు. మూతిని ఆనుకుని ఒకటి రెండు సెంటీమీటర్ల మేర ఏమీ కనపడదు. ఆవిరి ఉండేది అక్కడ. దాని పైన తెల్లగా లేచేది చల్లబడి మళ్ళీ నీళ్ళైన బొట్లు, మేఘం లాంటిది. చెయ్యి తీవ్రంగా కాలేది ఆ కనపడని చోటే.

కిరణ్: విజిల్ దగ్గరికి రా.

లలిత: హై మీద మూడు విజిల్స్ రెండు నిమిషాల్లో అయిపోవచ్చు. అదే కుక్కర్, అదే పప్పు, సిమ్‌లో ఆ మూడూ పది నిమిషాలు పట్టొచ్చు. ఐదు లీటర్ల కుక్కర్‌లో గుప్పెడు పప్పు వేస్తే ఒకలా, సగం దాకా నింపితే ఇంకోలా. పప్పు 120 దగ్గర ఎంతసేపు ఉందన్నదే లెక్క. మొదటి విజిల్ దాకా హై, తర్వాత సిమ్, అప్పటినుంచి గడియారం చూసుకో. నానబెట్టిన కందిపప్పుకి ఆరేడు నిమిషాలు, నానకపోతే పదీ పన్నెండు.

కిరణ్: మరీ సిమ్ చేస్తే పీడనం పడిపోతుంది కదా?

లలిత: పడిపోతుంది. సన్న బర్నర్ మీద పెద్ద కుక్కర్ పెట్టినా, గాలికి మంట రెపరెపలాడినా 120 నిలవదు. వెయిట్ సన్నగా బుసకొడుతూ అప్పుడప్పుడూ కదులుతుంటే మంట సరిపోయినట్టు. పూర్తిగా నోరు మూసుకుంటే కాస్త పెంచు.

కిరణ్: అయితే నా పాయింటు ఒకటి విను, దీన్ని కొట్టెయ్యలేవు. విజిల్ వచ్చినప్పుడల్లా లోపల పీడనం టక్కున తగ్గుతుంది. తగ్గగానే నీళ్ళు ఒక్కసారిగా తెర్లుతాయి. ఆ కుదుపుకి పప్పు చిదుగుతుంది. అందుకే హై మీద విజిల్స్ వచ్చిన పప్పు మెత్తగా ఉంటుంది.

లలిత: ...అది నిజమే.

కిరణ్: ఏమన్నావు? కొంచెం గట్టిగా.

లలిత: నిజమే అన్నాను. కుదుపు ఉంటుంది. ఉడికిన పప్పుని విడగొడుతుంది, ఉడకని పప్పుని ఉడికించదు. ఆ పని పప్పుగుత్తీ చేస్తుంది, గ్యాస్ ఖర్చు లేకుండా. పైగా ఆ కుదుపుకే నురగ లేచి గొట్టంలోకి ఎక్కుతుంది. పప్పు పెట్టినప్పుడు కుక్కర్ సగానికి మించి నింపొద్దనేది అందుకే. చుక్క నూనె వేస్తే నురగ కాస్త అణుగుతుంది. గొట్టం మూసుకుపోతే వెయిట్ లేవదు, పీడనం పెరుగుతూనే ఉంటుంది.

కిరణ్: సేఫ్టీ వాల్వ్ ఉందిగా.

లలిత: ఉంది. అది కూడా మన టాపిక్కే చూడు! దాని నడుమ తక్కువ వేడికే కరిగే మిశ్రమలోహం బిళ్ళ ఉంటుంది. గొట్టం మూసుకోకుండా, లోపల నీళ్ళున్నంతసేపూ కుక్కర్ 120 దగ్గరే కట్టుబడి ఉంటుంది, బిళ్ళ కరగదు. నీళ్ళు అయిపోయాయనుకో, వేడిని మింగే పని ఆగిపోయింది, ఉష్ణోగ్రత పైకి దూసుకుపోతుంది, బిళ్ళ కరిగి దారి ఇస్తుంది. ఘనం నుంచి ద్రవానికి మారడం మీద ఆధారపడిన కాపలా అది. ఒకసారి కరిగితే ఆ మోడల్‌దే కొత్తది వేయాలి. ఆ కంతకి బోల్టు బిగించడం, సీసం పోయించడం చెయ్యకూడదు.

కిరణ్: వెయిట్ ఎప్పుడు పెట్టాలి? మూత పెట్టగానేనా?

లలిత: మూత పెట్టగానే కాదు. గొట్టంలోంచి ఆవిరి గట్టిగా, ఆగకుండా వచ్చాక పెట్టాలి. ముందే పెడితే లోపలి గాలి అక్కడే చిక్కుకుంటుంది. అప్పుడు వెయిట్‌ని లేపే పీడనంలో కొంత గాలిది, మిగతాదే నీటి ఆవిరిది. విజిల్ వస్తుంది, లోపల మాత్రం 120 ఉండదు.

కిరణ్: ఇది నాకు తెలియదు.

లలిత: అలాంటి విజిల్‌ని కూడా నువ్వు లెక్కలో వేస్తావు.

కిరణ్: పొడవకు. దింపాక వెయిట్ లేపి ఆవిరి వదిలేస్తే ఏమిటి నష్టం?

లలిత: గోడకి పప్పు. లోపల లీటరు నీళ్ళు 120 దగ్గరున్నాయి. పీడనం తీసేయగానే అవి 100కి దిగాలి. ఆ 20 డిగ్రీల వేడి ఎక్కడికి పోతుంది? నీళ్ళనే ఆవిరి చేస్తుంది. దాదాపు 37 గ్రాములు. అవి 100 డిగ్రీల ఆవిరిగా 60 లీటర్ల పైన చోటు తీసుకుంటాయి. అంతా ఆ సన్న గొట్టంలోంచి పోవాలి, పప్పుని కూడా లాక్కుని. అప్పుడు వంటింటి నిండా తెల్లగా కనపడుతుంది చూడు, అది...

కిరణ్: ఆవిరి కాదు.

లలిత: సంతోషం.

కిరణ్: బోరు నీళ్ళతో పప్పు ఎంతకీ ఉడకదంటారు. దానికీ మరిగే ఉష్ణోగ్రతేనా కారణం?

లలిత: కాదు. ఆ నీళ్ళలో ఉప్పులకి మరుగు స్థానం పెరిగేది లెక్కలోకి రానంత. కఠిన జలంలో కాల్షియం ఉంటుంది, అది పప్పులోని పెక్టిన్‌ని, అంటే కణాల్ని అంటించి ఉంచే జిగురుని, పట్టుకుని గట్టిపరుస్తుంది. అక్కడ పది విజిల్స్ పెట్టినా మొండికేస్తుంది. తాగే ఫిల్టర్ నీళ్ళు పొయ్యి, లేదా చిటికెడు వంటసోడా. చిటికెడే, ఎక్కువైతే వాసన. చింతపండు మాత్రం ఉడికాకే. పులుపు పడితే పెక్టిన్ కరగడం నెమ్మదిస్తుంది.

కిరణ్: అక్కా, టాపిక్ వదిలేసి ఇరవై నిమిషాలైంది.

లలిత: టాపిక్ ఇదే కదరా! సరే, పై రేకు. ఇడ్లీ పిండి చల్లగా ఉంటుంది, ఆవిరి దాని మీద నీళ్ళుగా మారుతూ గ్రాముకి 540 కేలరీలు వదిలిపోతుంది. ఇడ్లీని ఉడికించేది ఎక్కువగా ఆ వేడే. మూత లోపల చేరిన నీళ్ళే పై రేకు మీద కారతాయి. మూతకి గుడ్డ కట్టమని ఎప్పుడో చెప్పాను.

కిరణ్: ఎన్నిసార్లో కూడా చెప్పు. కుండ సంగతి కూడా తేల్చెయ్.

లలిత: మట్టి కుండలో నీళ్ళు చల్లబడేది బాష్పీభవనం వల్ల, మరగక్కర్లేదు. మట్టి రంధ్రాల్లోంచి నీరు పైకి ఊరి ఆరిపోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. పది లీటర్ల కుండలో 100 గ్రాములు ఆరితే, బయటి వేడి లోపలికి రాకపోతే, దాదాపు ఆరు డిగ్రీలు తగ్గాలి. అక్కడ తెల్లగా ఏమీ లేవదు చూశావా, ఆవిరి కనపడదనడానికి కుండే సాక్ష్యం. గాలిలో తేమ 20 శాతం, వేడి 42 డిగ్రీలు ఉన్న రోజు నీళ్ళు 24 దాకా దిగే వీలుంది. విశాఖలో 34 డిగ్రీలే ఉన్నా తేమ 75 శాతం అయితే 30 దగ్గరే ఆగిపోతుంది. ఎయిర్ కూలర్‌కీ ఇదే హద్దు. కుండకి రంగులు వేస్తే రంధ్రాలు మూసుకుపోతాయి, ఇక అది కుండ ఆకారంలో ఉన్న బిందె.

కిరణ్: పిల్లలు ఇంట్లో చేసుకునే ప్రయోగం ఒకటి చెప్తానన్నావు.

లలిత: బ్లాక్ లెక్కే. 200 గ్రాముల మంచు, 80 డిగ్రీల వేడి నీళ్ళు 200 గ్రాములు. కలిపితే సగటున 40 వస్తుందనుకుంటారు. వచ్చేది సున్నా. ఆ 80 డిగ్రీలూ మంచు కరగడానికే సరిపోతాయి. జ్వరం చూసే థర్మామీటరు వాడొద్దు, అది 42 వరకే, పగిలిపోతుంది. ల్యాబ్‌ది, 110 వరకు ఉండేది కావాలి. బల్బు గిన్నె అడుగుకి తగలకూడదు. వేడి నీళ్ళు పెద్దవాళ్ళే పొయ్యాలి.

కిరణ్: ఫ్రిజ్‌లోంచి తీసిన ఐస్ వేస్తే సరిగ్గా సున్నా వచ్చేస్తుందా?

లలిత: సున్నాయే వస్తుంది, కానీ ముక్క మిగిలిపోతుంది. ఫ్రీజర్‌లో ఐస్ మైనస్ 18 దగ్గరుంటుంది. అది ముందు సున్నాకి రావాలి, దానికే కొంత వేడి పోతుంది. 20 గ్రాముల పైనే కరగకుండా తేలుతుంటుంది. అందుకని ఐస్‌ని ముందే తీసి, పైన తడి కనిపించేదాకా బయట ఉంచు. అప్పుడు తుడిచి తూచాలి.

కిరణ్: తుడవకపోతే?

లలిత: ఆ తడి అప్పటికే కరిగిన నీరు. మంచుతో పాటు దాన్నీ తూచావనుకో, దానికి 80 కేలరీలు అక్కర్లేదు, నీ లెక్కలో మాత్రం ఉంటుంది. చివరికి నీళ్ళు సున్నా దగ్గర ఆగకుండా కాస్త పైన తేలతాయి.

కిరణ్: తుడిచి, తూచి, గిన్నెలో వేసేలోపు మళ్ళీ తడవదా అక్కా?

లలిత: తడుస్తుంది. అందుకే వేడి నీళ్ళు ముందు సిద్ధం చేసుకో, 82 దగ్గర దింపి...

కిరణ్: 80 అన్నావు ఇందాక.

లలిత: పోసేలోపు రెండు డిగ్రీలు పోతాయి కదా!