గ్లాసు కంటే ముందు ఫోను

శ్రోతలకు నమస్కారం.

"మానేద్దామనే ఉంది, నా ఒక్కడి వల్ల కావట్లేదు." మందు అలవాటైన వాళ్ళ నోట వినిపించే మాటే ఇది. ఒక్కడి వల్ల కాదు, నిజమే. అలా అనుకున్నవాళ్ళే వారం వారం ఒకచోట కూర్చుంటారు. దాని పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏఏ. ఆ మీటింగును వెతుక్కోవడం ఎలా, వెళ్ళాక ఏం చెయ్యాలి, ఈ పూట అదే మన కబురు.

ముందు ఒక జాగ్రత్త. పొద్దున్నే చేతులు వణికి, మందు పడితేగానీ ఆ వణుకు ఆగనివాళ్ళు ఉంటారు. వాళ్ళు ఒట్టేసుకుని, ఒక్కసారిగా మానేసి ఇంట్లో కూర్చోకూడదు. ఆఖరి గ్లాసు తర్వాత 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి మతి తప్పి, లేని మనుషులు కనబడొచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. ముందు డాక్టరు. మన విశాఖలో కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మాత్రలతో, బి1 విటమిన్‌తో ఆ గండం దాటిస్తారు.

ఇక వెతకడం. మత్తు అలవాట్లు మాన్పించడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు 14446. మనసు బాగోలేనప్పుడు తెలుగులో మాట్లాడే టెలి మానస్ 14416. రెండూ ఉచితమే. ఏఏ వాళ్ళ వెబ్‌సైటులోనూ వివరాలు దొరుకుతాయి. కానీ అడ్రసు చూసి నేరుగా బయల్దేరకండి. గదులు మారతాయి, వేళలు మారతాయి. ఫోన్ చేసి మూడే అడగండి: ఏ రోజు ఎన్నింటికి, మాట్లాడేది తెలుగులోనేనా, ఓపెన్ మీటింగా క్లోజ్‌డ్ మీటింగా. ఓపెన్ అయితే ఇంట్లోవాళ్ళనీ తీసుకెళ్ళొచ్చు. క్లోజ్‌డ్ అయితే మానాలనుకునే మనిషి ఒక్కడే.

గాజువాకలో మీటింగుంటే మా పేటవాళ్ళు కనబడతారేమో అని కొందరి భయం. కనబడనివ్వండి. అతనూ అందుకేగా వచ్చాడు! చర్చి గదిలో పెట్టినా అది మతం మీటింగు కాదు.

లోపల మీటింగు గంట, గంటన్నర. పేరు ఒక్కటే చెప్తారు. ఇంటిపేరు, ఉద్యోగం అడగరు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. మీ వంతు వస్తే "ఇవాళ వింటానండి" అంటే చాలు. ఫీజు లేదు. చివర్లో సంచీ తిప్పుతారు, గది అద్దెకీ టీకీ. కొత్తవాళ్ళు వెయ్యక్కర్లేదు.

మరి తేడా ఎక్కడ వస్తుంది? మీటింగు బాగుందనుకుని, దండం పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోవడంలో. మీటింగు గంట. వారానికి 168 గంటలు. తాగాలన్న యావ మీటింగులో పుట్టదు. శనివారం రాత్రి ఏడింటికి, జీతం జేబులో ఉండగా, జగదాంబ దగ్గర బస్సు దిగినప్పుడు పుడుతుంది. అందుకే కదిలే ముందు ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. ఇద్దరివి. ఒకరు ఎత్తకపోతే రెండోవారు. మగవాళ్ళు మగవాళ్ళని, ఆడవాళ్ళు ఆడవాళ్ళని అడగడం వాడుక.

అసలు ఏఏ పుట్టిందే ఒక ఫోనుతో. 1935 మే నెల, అమెరికాలో ఆక్రన్ అనే ఊరు. బిల్ విల్సన్ అనే ఆయన మందు మాని అప్పటికి అయిదు నెలలు. వ్యాపారం పని మీద వచ్చాడు, ఆ పని చెడింది. హోటల్ వరండాలో ఒక్కడే పచార్లు చేస్తున్నాడు. ఒక పక్క బార్, నవ్వులు, గ్లాసుల చప్పుడు. ఇంకో పక్క చర్చిల పేర్ల జాబితా, ఫోను. ఆయన ఫోను వైపు నడిచాడు. నాతో మాట్లాడ్డానికి ఇంకో తాగుబోతు కావాలి అన్నదే ఆయన వెతుకులాట. ఆ ఫోన్లు తిరిగి తిరిగి డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి చేర్చాయి. పావుగంట కంటే కూర్చోనన్న ఆ డాక్టరు ఆరు గంటలు కూర్చున్నాడు. ఆయన ఆఖరి చుక్క తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. చూడండి, ఆ సాయంత్రం సాయం కావలసింది ఫోన్ చేసినాయనకి!

కాబట్టి అవతలివాళ్ళని ఇబ్బంది పెడుతున్నామని మొహమాటపడకండి. మీ ఫోను వాళ్ళకీ మందే, ఆ మందు కాదు లెండి.

ఒక కిటుకు. యావ పుట్టిన రోజునే మొదటిసారి ఫోన్ చేద్దామంటే వేలు కదలదు. అందుకే మర్నాడు, ఏ యావా లేనప్పుడే చెయ్యండి. "అన్నయ్యా, నిన్న మీటింగులో వెనక కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఊరికే చేశాను." అంతే. దారి పడుతుంది. యావ పుట్టినప్పుడు గ్లాసు కంటే ముందు ఫోను. గ్లాసు పడ్డాక చేస్తే మాట తలకెక్కదు. సాధారణంగా అరగంట గడిస్తే ఆ తీవ్రత దిగుతుంది. ఆ అరగంట మాట్లాడుతూ ఉండండి, ఈలోగా ఏదైనా తినండి. ఖాళీ కడుపు యావని పెంచుతుంది.

ఈ ఫోను ఇంటావిడ చెయ్యకూడదు, ఆయనే చెయ్యాలి. ఆవిడకి, పిల్లలకి వేరే మీటింగులున్నాయి, ఆల్-అనాన్ అంటారు. ఆయన మానినా మానకపోయినా ఆవిడ వెళ్ళొచ్చు.