దారి బోర్డు దగ్గరే తేల్చుకోవాలి: బ్రిటన్ రౌండబౌట్లలో లేన్ ఎంపిక

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్ళలో చాలామంది ఇండియాలో ఏళ్ళ తరబడి కారు నడిపి వచ్చినవాళ్ళే. బ్రిటన్‌లోనూ స్టీరింగ్ కుడివైపే, బండి నడిచేది ఎడమవైపే, రౌండబౌట్ చుట్టూ తిరిగేది గడియారం ముల్లు తిరిగే దిశలోనే. ఇక్కడ నివాసం మొదలైన 12 నెలల దాకా ఇండియా లైసెన్సుతోనే నడుపుకోవచ్చు. ఆ తర్వాత దాన్ని తీసుకుని ఇక్కడి లైసెన్సు ఇవ్వరు. ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే లైసెన్సు) తీసుకుని, థియరీ రాసి, ప్రాక్టికల్ పాసవ్వాల్సిందే. బాగా చెయ్యి తిరిగిన డ్రైవర్లు కూడా ఆ ప్రాక్టికల్‌లో తడబడే చోటు రౌండబౌట్.

మన ఊళ్ళ సర్కిళ్ళలో బండి ముక్కు ముందు ఎవరు దూరిస్తే దారి వాళ్ళది. నిజానికి కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి దారి ఇవ్వాలన్న మాట మన 1989 నాటి నిబంధనల్లోనూ ఉండేది, పాటించేవాళ్ళే తక్కువ. పోలీసో సిగ్నలో లేకపోతే హారన్, చెయ్యి ఊపడం, అంగుళం అంగుళం జరగడం, వీటితోనే పని నడిచిపోతుంది. అక్కడ అదీ ఒక నైపుణ్యమే, కాదనను. కానీ బ్రిటన్‌లో మీరు నిలబడ్డ లేనే మీ తరఫున మాట్లాడుతుంది. ఎడమ లేన్‌లో ఉన్న కారు ఎటు పోతుందో, కుడి లేన్‌లో ఉన్నది ఎటు పోతుందో చుట్టూ ఉన్నవాళ్ళు ముందే అనుకుని దానికి తగ్గట్టు కదులుతారు. అందుకే ఎటు వెళ్ళాలన్నది గివ్ వే (దారి ఇచ్చే) గీత దగ్గర ఆలోచించే విషయం కాదు. అంతకు చాలా ముందు, బోర్డు కనిపించినప్పుడే తేలిపోవాలి.

కుడివైపుకే ఎందుకు దారి ఇవ్వాలో తెలిస్తే మిగతావి సులువుగా గుర్తుంటాయి. బ్రిటన్‌లో ఈ నియమం దేశమంతటా వచ్చింది 1966 నవంబరులో. అంతకు ముందు లోపలికి వచ్చే బండ్లు చక్రంలో తిరిగే బండ్లకి అడ్డం పడేవి. తిరిగేవి ఆగిపోతే బయటికి పోవాల్సినవి వాటి వెనక ఇరుక్కునేవి, దాంతో చక్రం మొత్తం బిగుసుకుపోయేది. మన ఊళ్ళలో సాయంత్రం ఆరింటికి జరిగేదీ అచ్చం అదే. లోపల ఉన్నవాడిని ముందు పోనిస్తే చక్రం ఎప్పటికప్పుడు ఖాళీ అవుతూ ఉంటుంది. ఇక భద్రత మాటకొస్తే, నాలుగు రోడ్లు కలిసే మామూలు కూడలిలో బండి దారికి బండి దారి అడ్డొచ్చే బిందువులు 32 ఉంటాయి. అదే ఒక లేన్ రౌండబౌట్‌లో 8. ఎదురెదురుగానో నేరుగా డొక్కలోనో గుద్దుకునే ప్రమాదాలు దాదాపు పోతాయి, మిగిలేవి పక్కలు రాసుకోవడం, వెనక నుంచి తగలడం. లేన్ తప్పు పడితే జరిగేవి కూడా ఇవే.

బోర్డుతో మొదలుపెడదాం. ఎర్ర అంచు త్రికోణంలో ఒకదాని వెంట ఒకటి తిరిగే మూడు బాణాలుంటే ముందు రౌండబౌట్ ఉందని అర్థం. ఆ దగ్గర్లోనే పెద్ద దిశల బోర్డు ఉంటుంది, రౌండబౌట్ బొమ్మ గీసి. మీరు వచ్చే రోడ్డు ఎప్పుడూ బొమ్మ అడుగున ఉంటుంది. అక్కడి నుంచి ఎడమవైపుగా మొదలుపెట్టి బయటికి పోయే దారులు లెక్కపెట్టండి: ఒకటో ఎగ్జిట్, రెండో ఎగ్జిట్, మూడో ఎగ్జిట్. లోపలికి మాత్రమే వచ్చే వన్‌వే రోడ్డును లెక్కలో వేసుకోవద్దు. శాట్‌నావ్ (దారి చెప్పే జీపీఎస్) మూడో ఎగ్జిట్ అన్నా, బోర్డు మీద ఆ దారి ఏ వైపుకి ఉందో కంటితో ఒకసారి చూసుకోండి. ఎగ్జిట్ నంబరుతో పాటు రోడ్డు నంబరు కూడా గుర్తుపెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు నాలుగు రోడ్ల రౌండబౌట్ ఒకటి ఊహించుకోండి. మీరు దక్షిణం నుంచి వస్తున్నారు, మీవైపు రెండు లేన్లు. ఎడమకి, అంటే పడమటి రోడ్డుకి పోవాలంటే ఎడమ లేన్, ఎడమ ఇండికేటర్, బయటికొచ్చేదాకా అది అలాగే ఉండాలి. నేరుగా ఉత్తరానికి పోవాలంటే, రోడ్డు మీద వేరే గుర్తులు లేనప్పుడు, ఎడమ లేనే. లోపలికి వెళ్ళేటప్పుడు ఇండికేటర్ అక్కర్లేదు, పడమటి ఎగ్జిట్ దాటగానే ఎడమకి వేయాలి. కుడికి, తూర్పు రోడ్డుకి పోవాలంటే కుడి లేన్, కుడి ఇండికేటర్. నడిమి ఐలాండ్‌కి దగ్గరగా తిరుగుతూ, ఉత్తరం ఎగ్జిట్ దాటాక ఎడమ ఇండికేటర్‌కి మార్చాలి. వచ్చిన రోడ్డుకే తిరిగి పోవాలన్నా కుడి లేనే, తూర్పు ఎగ్జిట్ దాటాక ఎడమ ఇండికేటర్. మీకు కావాల్సిన ఎగ్జిట్‌కి ముందున్నది దాటగానే ఎడమ సిగ్నల్ అని ఒక్క ముక్కలో గుర్తుపెట్టుకోండి. మనవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఈ చివరి సిగ్నలే. అది వేయకపోతే తర్వాతి రోడ్డు దగ్గర ఆగి ఉన్నవాడు మీరు ఇంకా తిరుగుతారేమోనని అనవసరంగా కాచుకు కూర్చుంటాడు.

పన్నెండు గంటల సూత్రం అని ఇక్కడి శిక్షకులు ఒకటి చెబుతారు. రౌండబౌట్‌ని గడియారం ముఖంలా, మీరు వచ్చే రోడ్డుని ఆరులా అనుకుంటే, పన్నెండు దాకా ఉన్న ఎగ్జిట్లకి ఎడమ లేన్, పన్నెండు దాటితే కుడి లేన్. కొత్తలో పనికొచ్చే మాటే గానీ దాన్ని పట్టుకుని వేలాడితే మునుగుతారు. రోడ్డు మీద తెల్ల రంగుతో వేసిన బాణాలు, రోడ్డు నంబర్లే ఆఖరి మాట. కొన్ని చోట్ల ఎడమ లేన్‌లో ఎడమకి మాత్రమే బాణం ఉంటుంది, నేరుగా పోవాలంటే కుడి లేన్ పట్టాలి. కొన్ని చోట్ల రెండు లేన్లలోనూ నేరుగా బాణం ఉంటుంది. మోటర్‌వే మీది పెద్ద రౌండబౌట్లలో మూడు నాలుగు లేన్లు, వాటి మీద ఎం25, ఏ41 లాంటి పేర్లు, పైగా ట్రాఫిక్ లైట్లు. రద్దీలో ఆ అక్షరాలు ముందున్న లారీ కింద దాక్కుంటాయి కాబట్టి వెనక తగినంత దూరం ఉంచితేనే కనపడతాయి.

సర్పిలంగా గీతలు గీసిన రౌండబౌట్లు ఇంకో రకం. వాటిలో మీ లేన్ తిరుగుతూ తిరుగుతూ దానంతటదే బయటి అంచుకి చేరి ఎగ్జిట్‌లోకి దింపుతుంది. కుడికి పోతున్నాం కదా అని ఐలాండ్‌ని అంటిపెట్టుకుంటే, మీకు తెలియకుండానే పక్క లేన్‌లోకి దూరినట్టవుతుంది. గీతల మధ్య ఉండండి చాలు.

గీత దగ్గరికి చేరేటప్పుడు వేగం గురించి. మామూలు రౌండబౌట్‌కి రెండో గేరు, గంటకి 15 నుంచి 20 మైళ్ళు సరిపోతుంది. 20 మైళ్ళ వేగంలో కారు ఆగడానికి 12 మీటర్లు పడుతుంది, 30లో 23 మీటర్లు, 40లో 36. తడి రోడ్డు మీద ఆ దూరానికి రెట్టింపు వేసుకోండి. ముందు మిర్రర్, తర్వాత సిగ్నల్, ఆ తర్వాతే బ్రేకు, గేరు. దూరం నుంచే కుడివైపు చూస్తూ రావాలి. ఖాళీగా ఉంటే ఆగనక్కర్లేదు, అది స్టాప్ గీత కాదు, దారి ఇచ్చే గీత. ఖాళీ ఉండీ ఆగి కూర్చుంటే పరీక్షలో అదీ తప్పే. అవసరం లేని తటపటాయింపు కింద రాస్తారు.

ఎప్పుడు దూరాలి అన్నది కాస్త నిదానంగా చూడాల్సిన విషయం. మన ఉదాహరణలోనే దక్షిణం గీత దగ్గర ఆగారనుకోండి. మిమ్మల్ని ఆపేది తూర్పు రోడ్డు నుంచి వరసగా వచ్చే కార్లు. అప్పుడు ఎదురుగా ఉత్తరం నుంచి ఒక కారు చక్రంలోకి వస్తుంది. అది మీ రోడ్డులోకే బయటికి రావాల్సిన కారయితే, తూర్పు రోడ్డు ముందు నుంచి పోయేటప్పుడు అక్కడివాళ్ళని ఆపేసి, మీదాకా రాకుండానే మీ పక్క ఎగ్జిట్‌లో దిగిపోతుంది. ఆ రెండు మూడు సెకన్లే మీ సందు. కొత్తవాళ్ళు తూర్పు కార్లనే చూస్తూ ఎదురుగా వచ్చే ఆ కారుని గమనించరు, సందు దాటిపోతుంది. అయితే దాని ఎడమ ఇండికేటర్ ఒక్కటే చూసి దూకకండి. ముందు ఎగ్జిట్‌లో ఆర్పడం మరిచిపోయి ఉండొచ్చు. ఆ కారు ముందు టైరు ఎటు తిరిగిందో, వేగం తగ్గిందో లేదో చూడండి. టైరు ఎగ్జిట్ వైపు మళ్ళిందంటే నమ్మొచ్చు.

అదే చోట ఇంకో ముప్పు. ముందు కారు కదిలింది, మీరు మెడ తిప్పి కుడివైపు చూశారు, ఖాళీ ఉంది, యాక్సిలరేటర్ తొక్కారు. ముందు కారు మాత్రం వెళ్ళలేదు, మనసు మార్చుకుని గీత మీదే ఆగింది. బంపర్లు తగిలేది ఇలాగే, తప్పు వెనకవాళ్ళ మీదే పడుతుంది. కాబట్టి కుడివైపు చూశాక కదిలే ముందు ఇంకోసారి ముందుకి చూడాలి. కారు అద్దం పక్కనుండే స్తంభం, ఏ-పిల్లర్ అంటారు, దాని వెనక ఒక సైకిలో మోటర్‌సైకిలో పూర్తిగా దాక్కుంటుంది. అది మీ వేగంతో సమానంగా కదులుతుంటే చివరి క్షణం దాకా కనపడదు. తలని ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. ఎదుటివాడు హెడ్‌లైట్ కొడితే మన దగ్గర 'వస్తున్నా, ఆగు' అని, ఇక్కడ చాలామంది 'నువ్వు పో' అనే అర్థంలో కొడతారు. హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం) ప్రకారం రెండూ తప్పే, 'నేనున్నాను' అని తెలపడానికి మాత్రమే కొట్టాలి. లైటు చూసి కదలకండి, రోడ్డు చూసి కదలండి. హారన్ సంగతి కూడా చెప్పేస్తాను: ఆగి ఉన్న బండిలో కొట్టకూడదు, ఊళ్ళో రాత్రి 11.30 నుంచి ఉదయం 7 దాకా అసలు కొట్టకూడదు. రెండింటికీ మినహాయింపు ఒకటే, కదిలే బండి వల్ల ప్రమాదం ముంచుకొస్తే.

లోపలికి వెళ్ళాక మీ లేన్‌లోనే ఉండండి. కుడి లేన్ నుంచి బయటికి వచ్చే ముందు లోపలి మిర్రర్, ఎడమ మిర్రర్, సిగ్నల్, ఎడమ భుజం మీదుగా ఒక చూపు, ఆ తర్వాతే స్టీరింగ్. ఎడమ పక్క బండి ఉంటే ఆ ఎగ్జిట్ వదిలేయండి. ఇంకో చుట్టు తిరిగితే పోయేది అర నిమిషం. తప్పు లేన్‌లో వచ్చారని గీత దగ్గర తెలిసినా ఇదే మందు: ఆ లేన్ ఎటు తీసుకుపోతే అటు పోయి, ముందెక్కడో వెనక్కి తిరిగి రండి. పరీక్షలో తప్పు దారికి మార్కులు పోవు, సురక్షితంగా పోతే చాలు. అడ్డంగా కోసుకుపోతే మాత్రం ఒక్క సీరియస్ ఫాల్ట్‌తో పరీక్ష పోతుంది. చిన్న తప్పులు 15 దాకా క్షమిస్తారు గానీ ఇలాంటిది ఒక్కటి కూడా ఒప్పుకోరు. లైసెన్సు వచ్చాక పోలీసుల కంట పడితే అజాగ్రత్త డ్రైవింగ్ కింద 100 పౌండ్ల జరిమానా, 3 పెనాల్టీ పాయింట్లు. కొత్త లైసెన్సు మీద మొదటి రెండేళ్ళలో 6 పాయింట్లు పడితే అది రద్దయి, మళ్ళీ ప్రొవిజనల్ దగ్గరికే రావాలి.

పొడవు లారీలు రెండు లేన్లూ ఆక్రమించి తిరుగుతాయి. వెనక ట్రెయిలర్ ముందు భాగం తిరిగిన దారిలో రాదు, లోపలికి కోసుకుని వస్తుంది. లారీ పక్కన చేరి తిరగకుండా వెనకే ఉండిపోండి. సైకిళ్ళకీ గుర్రాలకీ ఇంకో సంగతి ఉంది. వాళ్ళు కుడికి పోవాలన్నా ఎడమ లేన్‌లోనే ఉండి చక్రం చుట్టూ తిరగొచ్చు. కాబట్టి ఎడమ లేన్‌లో సైకిల్ ఉందంటే అది మీ ఎగ్జిట్‌లోనే దిగిపోతుందని అనుకోవద్దు. 2022 జనవరి మార్పుల తర్వాత రౌండబౌట్ మీద సైకిలిస్టులకి దారి ఇవ్వాలని హైవే కోడ్‌లో స్పష్టంగా రాశారు.

మినీ రౌండబౌట్‌కి నీలం గుండ్రటి బోర్డు మీద మూడు తెల్ల బాణాలుంటాయి. మధ్యలో 1 నుంచి 4 మీటర్ల తెల్ల బొట్టు, అంతే. దాని మీదుగా పోకూడదు, చుట్టే తిరగాలి. అలా తిరగడం సాధ్యం కాని పెద్ద బండ్లకే మినహాయింపు. రెండు ఎగ్జిట్ల మధ్య దూరం అంత తక్కువ కాబట్టి బయటికొచ్చే ఎడమ సిగ్నల్‌కి సమయం దొరకకపోవచ్చు, స్టీరింగ్ మీద ధ్యాస ముఖ్యం. రెండు మినీలు పక్కపక్కనే ఉంటే దేనికి దానికి విడిగా కుడివైపు చూసి దారి ఇవ్వాలి. స్విండన్‌లో 1972లో కట్టిన మ్యాజిక్ రౌండబౌట్ చూసి భయపడేవాళ్ళున్నారు. ఐదు మినీలు ఒక నడిమి ఐలాండ్ చుట్టూ ఉంటాయి, లోపలి చక్రం ఎదురు దిశలో తిరుగుతుంది. నిజానికి అక్కడ కొత్త నియమమేదీ లేదు, ఒక్కో మినీ దగ్గరా కుడివైపుకి దారి ఇచ్చుకుంటూ పోవడమే.

సెలవులకి ఫ్రాన్స్ వెళ్ళి కారు తీసుకునేవాళ్ళకీ, గల్ఫ్ నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళకీ ఒక హెచ్చరిక. అక్కడ తిరిగేది గడియారానికి ఎదురు దిశలో, కాబట్టి చూపు ఎడమవైపు ఉండాలి. అక్కడి అలవాటుతో ఇక్కడ ఎడమవైపు చూసి కదిలితే, కుడివైపు బండి వచ్చేస్తుంది.

సాధన ఎలా చేయాలంటే, ఇంటి దగ్గర రెండు లేన్ల రౌండబౌట్ ఒకటి ఎంచుకోండి. ఆదివారం ఉదయం రద్దీ లేనప్పుడు ఒక్కో రోడ్డు నుంచీ లోపలికి వచ్చి ఎడమకి, నేరుగా, కుడికి, మళ్ళీ వచ్చిన దారికి పోయి చూడండి. నాలుగు రోడ్లకి నాలుగు చొప్పున పదహారు మలుపులు. బండి ఎక్కే ముందు ఫోన్ మ్యాప్‌లో శాటిలైట్ చిత్రం పెద్దది చేసి ఏ లేన్ మీద ఏ బాణం ఉందో చూసుకోండి. మిల్టన్ కీన్స్‌లో ఉన్నవాళ్ళకి ఊళ్ళో నూరుకి పైగా రౌండబౌట్లు, వెతుక్కునే పని లేదు. ఇక మీ ఊరి రౌండబౌట్ దేనిగురించైనా అడగాలనుకుంటే బల్ల మీద తెల్ల కాగితం, పెన్ను ఉన్నాయి. బొమ్మ గీసి తీసుకురండి, మీరు ఎటు నుంచి ఎటు పోవాలో బాణం పెట్టి.