గిత్తల ఫారానికి పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? (ఫోన్-ఇన్: పశువైద్యుడి సలహాలు)

వ్యాఖ్యాత: సింగరాయకొండ నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా ఊరి దగ్గర ఒక రైతు ఆదివారాలు తన పశువుల ఫారం చూపిస్తున్నారంట, టికెట్ పెట్టి. ఇన్నేళ్ళూ ఇక్కడే ఉండి నాకు తెలియదు, మొన్న కూరగాయల బండి దగ్గర ఎవరో చెబితే విన్నాను. ఒంగోలు గిత్తలు, పుంగనూరు పొట్టి ఆవులు ఉన్నాయంట. పిల్లలు ఒకటే గోల. బాబుకి తొమ్మిది, పాపకి ఐదు. ఆ గిత్తల సైజు తలుచుకుంటేనే నాకు టెన్షన్.

డాక్టర్: తప్పకుండా తీసుకెళ్ళండమ్మా. మన జిల్లాలో పుట్టిన పిల్లలు ఒంగోలు గిత్తను సెల్‌ఫోన్లో చూసి పెరుగుతుంటే నాకు బాధగా ఉంటుంది. భయం వద్దు, జాగ్రత్త చాలు. పట్టుకునే మనిషి లేకుండా గిత్త దగ్గరికి పోనివ్వద్దు. వెనకవైపు నుంచి అసలే వద్దు. కొత్తగా ఈనిన ఆవుంటే ఇంకా దూరం. ఆవుకీ దూడకీ మధ్యలోకి పిల్లాడు దూరితే ఎంత సాధువైనా కుమ్ముతుంది.

కాలర్: ఎర్రచీర కట్టుకోవద్దని మా అత్తగారు...

డాక్టర్: రంగుతో పనిలేదమ్మా. ఎరుపు మనకు కనిపించినట్టు పశువుకు కనిపించదు. అది బెదిరేది కదలికకి. రెపరెపలాడే చున్నీ, టప్పున తెరిచే గొడుగు, పరుగెత్తే పిల్లాడు. ఇవి లేకుండా చూసుకోండి.

వ్యాఖ్యాత: అక్కడికెళ్ళి పిల్లలు ఏం చూడాలి డాక్టర్ గారూ?

డాక్టర్: పక్కగా నిలబడి ముందు మొహం చూడమనండి. కళ్ళకు కాటుక దిద్దినట్టు నల్లటి చార ఉంటుంది. ముట్టె నలుపు, తోకకుచ్చు నలుపు, కొమ్ములు పొట్టి. మెడ కింద గంగడోలు మడతలు మడతలుగా వేలాడుతుంది. రైతు ఒప్పుకుంటే ఆయన చేతే వీపు మీద వెంట్రుకలు కాస్త పక్కకి తీయించి చూపించండి. పైన తెల్లటి వెంట్రుక, కింద నల్లటి చర్మం! మన ఎండలకు సరిపడేలా తయారైన ఒళ్ళు అది. ఈగ వాలితే వాలినచోట మాత్రమే చర్మం చటుక్కున వణుకుతుంది, మిగతా ఒళ్ళు కదలదు. పిల్లలకి అది బలే నచ్చుతుంది.

వ్యాఖ్యాత: వీటికి బ్రెజిల్‌లో పెద్ద పేరుందంటారు.

డాక్టర్: పేరే మనదండీ, అక్కడ వీటిని నెలోర్ అంటారు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 19వ శతాబ్దంలోనే ఓడలెక్కిపోయాయి. 1960ల్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరి గిత్త కూడా వెళ్ళింది, దాని సంతతి అక్కడ ఇప్పటికీ ఉంది. వియాటినా-19 అనే నెలోర్ ఆవు బరువు 1,100 కిలోల పైమాటే. వేలంలో దాని విలువ 30 కోట్లు దాటింది. ఇక్కడేమో ట్రాక్టర్ వచ్చి కాడెద్దులు పోయాయి. ఎక్కువగా బండలాగుడు పోటీల మోజున్నవాళ్ళే మేపుతున్నారు. జెర్సీతో పోలిస్తే ఒంగోలు ఆవు పాలు తక్కువ. పాల డబ్బులతోనే దాన్ని మేపడం రైతుకు కష్టం. అందుకే అమ్మా, ఆ టికెట్ డబ్బు దండగ అనుకోవద్దు. అది నేరుగా చొప్పకీ తవుడుకీ పోతుంది. నెయ్యి ఉంటే అదీ కొనండి, బేరం ఆడకుండా.

కాలర్: అలాగేనండి. మేం ఏదైనా తినడానికి తీసుకెళ్ళి పెట్టొచ్చా?

డాక్టర్: ఇంట్లో మిగిలిన అన్నం, పరమాన్నం, స్వీట్లు వద్దు. ఎక్కువైతే కడుపులో పులిసి పశువు ప్రాణం మీదికొస్తుంది. రైతు చేతికిచ్చిన గడ్డి మాత్రమే పెట్టండి. కవర్లు అక్కడ పారేయొద్దు. పాలు కాచకుండా పిల్లలకి పట్టొద్దు. మీ ఇంట్లో పశువులున్నాయా?

కాలర్: రెండు గేదెలున్నాయండి.

డాక్టర్: అయితే వాటికి గాలికుంటు టీకా వేయించారో లేదో చూసుకోండి. వాటి నోట్లోగానీ గిట్టల సందులోగానీ పుండ్లుంటే ఆ వారం ఫారానికి వెళ్ళొద్దు. మన చెప్పులతోనే జబ్బు వాళ్ళ పశువులకి పోతుంది. వచ్చేటప్పుడూ కాళ్ళూ చెప్పులూ కడుక్కునే ఇంట్లోకి రండి.

కాలర్: ఇంకొక్కటండీ. పుంగనూరు ఆవుని చూస్తే మా ఆయన కొనేద్దామంటారు. వాళ్ళ ఫ్రెండ్ కొన్నారు.

డాక్టర్: 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో వాటికి మేత పెట్టిన ఫొటోలొచ్చాక ఈ మోజు బాగా పెరిగింది. అసలు పుంగనూరు ఎదిగినా ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే. పొట్టిగా కనిపించే సంకర దూడల్ని కూడా అదే పేరుతో అంటగడుతున్నారు. దూడను చూసి కొనొద్దు, తల్లినీ వీలైతే తండ్రినీ చూడండి. పలమనేరులో దాని పరిశోధనా కేంద్రం ఉంది, అక్కడ అడగండి. అయినా అది కూడా పశువేనమ్మా. రోజూ పేడ తీయాలి, నీళ్ళు పెట్టాలి, తోడుగా ఇంకొకటి ఉండాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టేస్తే దానికి నరకం.

కాలర్: ఆ మాట మా ఆయనకి వినిపిస్తాను. పొద్దున వెళ్ళమంటారా, సాయంత్రమా?

డాక్టర్: పొద్దున ఏడింటి లోపు వెళ్ళండి. కడిగి మేత వేసే వేళ అది, పశువులూ ప్రశాంతంగా ఉంటాయి. ముందు రోజే రైతుకి ఫోన్ చేయండి. పిల్లలకి చెప్పులు కాదు, బూట్లు వేయండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. తర్వాతి కాల్ కావలి నుంచి...