మంచానికి రెండు వైపులా దారి

శ్రోతలందరికీ నమస్కారం.

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఈ మధ్య ఏదైనా గృహప్రవేశానికి వెళ్లారా? గుమ్మానికి మామిడాకులు, పైన బూడిద గుమ్మడికాయ. అది మన పాత అలవాటే. లోపలికి అడుగు పెడితే టీవీ పక్కన బొజ్జ ముందుకేసుకుని నవ్వే బుద్ధుడు, గాజు గిన్నెలో తాబేలు, నోట్లో నాణెం కరుచుకున్న మూడు కాళ్ల కప్ప. మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఆ కప్పని చూసి ఊరుకోలేకపోయింది. "ఏటే ఇది? మా రోజుల్లో ఇంట్లో కప్ప దూరితే చీపురెట్టి తోలీవోళ్లం. మీరు డబ్బులెట్టి కొనుక్కొస్తన్నారేటి?" అంది. అందరూ నవ్వారు. ఆ ఇంటి కోడలు మాత్రం చిన్నబుచ్చుకుంది.

ఆ పిల్లని నేను తప్పుపట్టను. కొత్త ఇల్లు, కొత్త కాపురం, నెలనెలా కట్టాల్సిన లోను. ఆరోగ్యాలు బాగుండాలి, మొగుడూ తనూ కీచులాడుకోకుండా ఉండాలి, కాస్త టెన్షన్ తగ్గాలి. అందుకే కదా ఆ కప్పని కొంది! మరి దేవుడి పటాలు, పవిత్రమైన బొమ్మలు, ఈ ఫెంగ్‌షుయ్ అనేదీ మన ఆరోగ్యానికి, ఆలుమగల ప్రేమకి ఏమన్నా పనికొస్తాయా? పనికొస్తాయనే నా నమ్మకం. కాకపోతే వాటిని పెట్టేటప్పుడు అడగాల్సిన ఒక ప్రశ్న ఉంది. మనం దాన్ని అడగడం మానేశాం.

ముందు ఫెంగ్‌షుయ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. గాలి, నీరు అని దాని అర్థం. ఏది ఎక్కడ, ఎటు వైపు ఉంటే మంచిదో చెప్పే, చైనాలో పుట్టిన విద్య. ఆ నవ్వే బుద్ధుడు మన గౌతముడు కాడు, పదో శతాబ్దం నాటి ఒక చైనా సన్యాసి. లక్కీ బాంబూ అని అమ్ముతారు చూడండి, అది అసలు వెదురే కాదు, ఆఫ్రికా మొక్క. ఈ సామాన్ల గోల ఎలా ఉన్నా, వెనకున్న ఆలోచన మాత్రం పాతది, గట్టిది. నాలుగో శతాబ్దంలో గువో పు అనే పండితుడు ఉండేవాడు. ఆయన పేరు మీద ఉన్న గ్రంథం ఇళ్ల గురించి కాదు, సమాధుల గురించి. చనిపోయిన పెద్దల్ని ఎక్కడ పడుకోబెడితే వాళ్లకి హాయిగా ఉంటుంది, అదీ అందులో విషయం. ప్రాణశక్తి గాలికి చెదిరిపోతుంది, నీటి దగ్గర నిలుస్తుంది అంటాడాయన. అందుకని ఉత్తరపు చలిగాలిని ఆపడానికి వెనక కొండ, ముందు దక్షిణాన నీళ్లు ఉండేలా చూసుకోమన్నారు.

అది వాళ్ల ఊరి గాలి. మన గాలి వేరు. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా మనకి సముద్రం ఆగ్నేయాన ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లని, జీడి తోటల్ని ఎలా పడగొట్టిందో కళ్లారా చూసిన ఉద్దానం వాళ్లకి గాలి గురించి చైనా పుస్తకం చెప్పక్కర్లేదు. కాబట్టి దిక్కుల పట్టిక ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి మన ఇంటికి అతికించేయడం నాకు సరిగ్గా తోచదు. అయితే ఆ విద్య మొదట అడిగిన ప్రశ్న చూడండి. ఇక్కడ ఉండబోయే మనిషికి ఇది హాయిగా ఉంటుందా? అదీ ప్రశ్న. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి చెబుతాను. దీనికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను, ఏమీ అనుకోకండి.

సీతంపేట కొండలు మీకు తెలుసు. మొన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. అక్కడ సవరలు అనే గిరిజనులు ఉంటారు. మన గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టి నేర్చుకుని నిఘంటువు కట్టింది వీళ్ల భాషకే. ఈ సవరల ఇళ్లలో గోడల మీద బొమ్మలు వేసే ఆచారం ఉంది. మన వైపు వాటిని ఎడిసింగ్ అంటారు, ఒడిశా వైపు ఇడితాల్ అంటారు. ఇప్పుడు గుడ్డ మీదా కాగితం మీదా వేసి అమ్ముతున్నారు, మీలో కొందరు చూసే ఉంటారు. ఎర్రటి నేల మీద తెల్లటి సన్నని మనుషులు, వరసగా చేతులు పట్టుకుని ఆడుతూ ఉంటారు. చూడముచ్చటగా ఉంటాయి. ఐతే అవి ముచ్చట కోసం పుట్టిన బొమ్మలు కావు.

ఏం జరుగుతుందంటే, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగుండదు. మందు వేసినా తగ్గదు. లేదా పంట సరిగ్గా రాదు. అప్పుడు ఎజ్జోణ్ణి, అంటే వాళ్ల పూజారిని, పిలుస్తారు. ఆయన పూనకంలోకి వెళ్లి కారణం కనుక్కుంటాడు. చాలాసార్లు ఆ కారణం ఏమిటంటే, ఆ ఇంట్లోనే పోయిన ఏ తాతో, ఏ మేనత్తో అలిగి ఉంటారు. నన్ను మరిచిపోయారు, నాకు నిలవడానికి చోటు లేదు అంటారు. సరే, చోటు ఇద్దాం అనుకుంటారు ఇంట్లోవాళ్లు. గోడని ఎర్రమట్టితో శుభ్రంగా అలుకుతారు. బియ్యప్పిండి నీళ్లలో కలిపి, కొస నలగ్గొట్టిన పుల్లతో గీయడం మొదలుపెడతారు. ముందు నాలుగు వైపులా గీత. ఆ గీత ఒక ఇల్లు. ఇక ఆ ఇంట్లో ఏమేం ఉండాలో అన్నీ రావాలి. సూర్యుడు, చంద్రుడు, ఏనుగు, గుర్రం, చెట్టు, చెట్టు మీద కోతులు, పల్లకీ, డప్పు కొట్టేవాళ్లు. కాలం మారాక సైకిల్ వచ్చింది, రైలు వచ్చింది, విమానం కూడా వచ్చింది. పెద్దలకి మాత్రం విమానం ఎక్కాలని ఉండదా ఏమిటి!

బొమ్మ పూర్తయ్యాక ఎజ్జోడు దాని ముందు కూర్చుంటాడు. ఆ పెద్దాయన్నో పెద్దావిణ్ణో పిలుస్తాడు. రా, నీకోసం ఇల్లు కట్టాం, వచ్చి చూసుకో, నీకు నచ్చిందా అని అడుగుతాడు. నచ్చిందా అని అడుగుతాడండీ! 1940లలో వెరియర్ ఎల్విన్ అనే ఆయన సవరల మధ్య తిరిగి ఇదంతా రాసిపెట్టారు. ఆ వచ్చినవాళ్లు ఊరికే తల ఊపి వెళ్లిపోరు. బొమ్మని నిదానంగా చూస్తారు. ఫలానాది వెయ్యలేదే అంటారు. అది నాకు కావాలి అంటారు. గీసిన మనిషి విసుక్కోకుండా మళ్లీ పుల్ల తీసుకుని, పిండిలో ముంచి, ఆ లోటు పూర్తి చేస్తాడు. అప్పుడు గాని అది పవిత్రమైన బొమ్మ కాదు. తర్వాత దాని ముందు చిన్న కుండలు, సొరకాయ బుర్రలు వేలాడదీస్తారు, బియ్యం పెడతారు, కల్లు పోస్తారు. మనసులో ఉన్న మనిషికి గోడ మీద ఇల్లు కుదిరింది.

జ్వరం వస్తే మాత్రం ఆస్పత్రికే వెళ్లాలి, అందులో రెండో మాట లేదు. ఇప్పుడు సవర గూడేల్లోనూ వెళ్తున్నారు. చాలామంది మతం మారారు, చాలా ఇళ్లలో గోడలకి సున్నం వచ్చింది, ఎడిసింగ్ పోయింది. నేను చెప్పేది వైద్యం గురించి కాదు. ఆ అడగడం గురించి. నీకు నచ్చిందా? ఇంకేం కావాలి? ఇక్కడ నీకు హాయిగా ఉందా? గువో పు అడిగిందీ అదే, ఎజ్జోడు అడిగేదీ అదే.

గుళ్లు కట్టినవాళ్లు కూడా దీన్ని వదల్లేదు. అరసవల్లిలో ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు లోపలి దాకా వచ్చి సూర్యనారాయణస్వామి పాదాల్ని తాకుతాయి. వెలుగు ఎటు నుంచి రావాలి, ఎవరి దాకా రావాలి అని ఎంత ఆలోచిస్తే అలా కుదురుతుంది!

మరి మన ఇళ్లలో ఏం చేస్తున్నాం? వాస్తు చెప్పేవాణ్ణి అడుగుతాం. యూట్యూబ్‌లో వీడియోని అడుగుతాం. షాపువాణ్ణి అడుగుతాం. ఆ గదిలో పడుకునే మనిషిని అడగం. అసలు మనిషిని అడగం.

ప్రేమ కోసం పెట్టే బొమ్మల సంగతే చూడండి. ఫెంగ్‌షుయ్ వాళ్లు మాండరిన్ బాతుల జంట పెట్టుకోమంటారు, చైనాలో అవి దాంపత్యానికి గుర్తు. మనకి చిలకల జంట ఉంది, రాధాకృష్ణులు ఉన్నారు. పెళ్లికి వెళ్తే మనవాళ్లు ఎక్కువగా ఇచ్చేది మాత్రం సీతారామ పట్టాభిషేకం పటం. రామతీర్థం దగ్గర్లో ఉన్నవాళ్లం, మనకి రాముడంటే ప్రాణం. ఆ పటాన్ని ఎప్పుడన్నా తీరిగ్గా చూశారా? అందులో సీతారాములు ఇద్దరే లేరు. లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, కాళ్ల దగ్గర హనుమంతుడు, అందరూ ఉన్నారు. నాకైతే హాల్లో పెట్టడానికి అంతకన్నా మంచి పటం లేదనిపిస్తుంది. పడగ్గదిలో ఏది పెట్టాలనేది ఆ ఇద్దరి ఇష్టం. ఒకరికి శివపార్వతులు కావచ్చు, ఒకరికి మేరీమాత కావచ్చు, ఇంకొకరికి ఖురాన్‌లోని ఒక ఆయతు రాసిన ఫ్రేము కావచ్చు. ఇద్దరూ కలిసి ఎంచుకోవాలి, ఇద్దరికీ కనబడేలా పెట్టుకోవాలి, దాని మీద దుమ్ము ఇద్దరూ తుడవాలి. దుమ్ము తుడిచే పని ఎప్పుడూ ఒకరిదే అయితే అక్కడ బాతులు పెట్టినా ఒకటే, హంసలు పెట్టినా ఒకటే.

పడగ్గది గురించి ఫెంగ్‌షుయ్ చాలా చెబుతుంది. నైరుతి మూల దాంపత్యానిది అంటుంది. మన వాస్తు కూడా యజమాని పడగ్గది నైరుతిలోనే ఉండాలంటుంది, ఇక్కడ ఇద్దరికీ మాట కలిసింది. తల వైపు గట్టి గోడ ఉండాలి, పడుకున్న చోటి నుంచి తలుపు కనబడాలి, మంచానికి ఎదురుగా అద్దం ఉండకూడదు, పైన దూలం ఉండకూడదు. ఇవన్నీ వదిలేయండి. ఒక్క మాట మాత్రం ఈ పూట పట్టుకోండి. మంచానికి రెండు వైపులా దారి ఉండాలి, ఇద్దరికీ సమానంగా ఉండాలి అంటుంది. నాకు ఫెంగ్‌షుయ్ మొత్తంలో నచ్చిన మాట ఇదే.

మన ఇళ్లలో ఎలా ఉంటుంది? పది అడుగులకి పది అడుగుల గది. మంచం తీసుకెళ్లి గోడకి ఆనించేస్తాం. గోడ వైపు పడుకున్న మనిషి రాత్రి లేవాలంటే పక్క మనిషి మీంచి దాటాలి, లేదా కాళ్ల వైపు జారుకుంటూ దిగాలి. ఆ మనిషికి షుగర్ ఉందనుకోండి. రాత్రి ఒకటికి రెండుసార్లు లేవాలి. పక్కవాళ్ల నిద్ర పాడవుతుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. అడిగితే దాహం లేదంటారు. ఇంకా చూడండి. ఫోను ఛార్జింగ్ ప్లగ్గు ఎటు ఉంది? ఒక వైపే. ఫ్యాను స్విచ్చి ఎటు ఉంది? ఆ వైపే. కళ్లజోడు పెట్టుకునే చిన్న బల్ల? అదీ ఆ వైపే. రెండో మనిషి కళ్లజోడు దిండు కింద నలుగుతుంది. ఇలా పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచిపోతాయి, ఎవరూ నోరు విప్పరు.

అందుకని ఈ రాత్రి ఆ కప్పనీ తాబేలునీ కాస్త పక్కన పెట్టి, మీ ఆవిణ్ణో మీ ఆయన్నో అడగండి. నీ వైపు నీకు బాగుందా? ఇంకేం కావాలి? అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. మొదట ఏమీ వద్దులే అంటారు. మళ్లీ అడగండి.

మంచం అయిదడుగుల వెడల్పుదైతే పదడుగుల గదిలో మధ్యకి జరిపితే అటు రెండున్నర, ఇటు రెండున్నర అడుగులు మిగులుతాయి. ఆరడుగులదైనా చెరో రెండడుగులు. చోటు తినేసేది ఎక్కువగా బీరువా. దాన్ని కాళ్ల వైపు గోడకి మార్చండి, కుదరకపోతే ముందు గదిలోకి. మంచం కింద దాచిన పాత పెట్టెలు, అట్టడబ్బాలు ఒక ఆదివారం బయటికి తీస్తే జరపడం తేలిక. గది మరీ చిన్నదై అస్సలు కుదరలేదంటే, రాత్రి ఎక్కువసార్లు లేచే మనిషిని బయటి వైపుకి మార్చండి. అద్దె ఇల్లు అయినా ఇందులో మేకు కొట్టే పని లేదు, ఇంటి ఓనరు ఏమీ అనడు.

అప్పుడు ఎదురు గోడ మీద ఏ బొమ్మ పెట్టుకుందాం అని అడగండి. బొమ్మ సంగతి తర్వాత, ముందు నా వైపు ఒక స్విచ్ బోర్డు పెట్టించండి అన్నారనుకోండి, రేపు పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చెయ్యండి.

ఉంటాను. నమస్కారం.